పోయినవారి బాకీ ఎవరి ఖాతాలో?



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ పెద్దాయన రెవెన్యూలో గుమస్తాగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. జమాబందికి వెళ్ళివచ్చిన ప్రతిసారీ ఆయన చెప్పే మాట ఒకటుంది: "వసూలు ఎంతైందని అందరూ అడుగుతారు. వసూలు కానిది ఎందుకు కాలేదని ఒక్కరూ అడగరు." ఆయన అడగమన్న ఆ ప్రశ్ననే ఈరోజు మీ ముందు పెడుతున్నాను. ఊళ్ళో మహమ్మారి పడి మనుషులు పోతున్నప్పుడు సర్కారు లెక్క ఎలా తేల్చాలి? పోయినవారి పేరు మీద ఉన్న బాకీ ఎవరి ఖాతాలోకి వెళ్తుంది?

దూరం వెళ్ళనక్కర్లేదు. మన రాజమండ్రి జిల్లాలోనే ఇది జరిగింది. 1821లో ఈ జిల్లా జనాభా 7,38,308. 1841 నాటికి అది 5,61,041కి పడిపోయింది. ఆనాటి జనగణన మన సెన్సస్ అంత పకడ్బందీగా ఉండేది కాదు, నిజమే. కరణాల లెక్కల్లో హెచ్చుతగ్గులుంటాయి. ఎంత తీసేసినా, ఇరవై ఏళ్ళలో నాలుగో వంతు మనుషులు కనపడకుండా పోయారన్న సంగతి మిగులుతుంది. కొందరు చనిపోయారు, కొందరు ఊరు వదిలి వెళ్ళిపోయారు. 1832-33 నందన నామ సంవత్సరంలో పెద్ద కరువు వచ్చింది. గుంటూరు వైపు ఆ కరువులో దాదాపు 5 లక్షల జనాభాలో కనీసం లక్షన్నర మంది పోయారని అంచనా. తిండి లేని ఒళ్ళు కలరాకు ఎదురు నిలవలేదు. గోదావరి ఇవతల కూడా ఆ దెబ్బ తగిలింది. 1839 నవంబరులో కోరంగి మీద తుఫాను పడి రేవును ఊడ్చేసింది. అప్పటికి ఆనకట్ట లేదు. గోదావరి పక్కనే పారుతున్నా, వరదొస్తే మునగడం, రాకపోతే ఎండడం తప్ప రైతుకు మరో దారి లేదు.

ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. వాటిలో కనపడనిది శిస్తు పద్ధతి. ఆ కాలంలో ఈ జిల్లాలో చాలా గ్రామాలకు ఊరంతటికీ కలిపి ఒకే మొత్తం కట్టేవారు. దాన్ని ఊళ్ళోని రైతులు వాటాల వారీగా పంచుకునేవారు. రూపాయిని పదహారు వీసాలుగా చూసి ఎవరి వీసం ఎంతో తేల్చేవారు గనుక దీన్ని వీసబడి అన్నారు. మామూలు రోజుల్లో ఈ పద్ధతిలో ఒక న్యాయం ఉంది. ఎవరి పొలం ఎలాంటిదో ఊరికి తెలిసినంతగా కచేరీకి తెలియదు. పంపకం ఊరికే వదిలేస్తే తగవులు తగ్గుతాయి.

అదే పద్ధతి మహమ్మారి వచ్చిన ఏడాది ఎలా మారుతుందో చూడండి. పదహారు వీసాల ఊళ్ళో నాలుగు వీసాల వాళ్ళు పోయారనుకుందాం. ఊరి మొత్తం మాత్రం తగ్గదు. మిగిలిన పన్నెండు వీసాలవాళ్ళే పదహారూ కట్టాలి. ఇంట్లో ఇద్దర్ని పోగొట్టుకుని, ఎద్దును అమ్ముకుని, ఎలాగో తన వాటా తెచ్చిన రైతు మీద పక్కింటి శవం తాలూకు వాటా కూడా పడుతుంది. వాడు చేసేదేముంది? రాత్రికి రాత్రి పిల్లల్ని తీసుకుని జమీందారీ గ్రామాలకో, నిజాం సరిహద్దు దాటో పోతాడు. అప్పుడు వాడి వీసం కూడా మిగిలినవారి మీదే పడుతుంది. ఊరి రైతులు ఒక్కొక్కరే పోతుంటే, చివరికి ఉన్నవాడు ఉండలేని స్థితి వస్తుంది. నాలుగో వంతు జనం తగ్గడానికి రోగం ఎంత కారణమో, రోగం తర్వాత జరిగిన ఈ లెక్క కూడా అంత కారణమని నా నమ్మకం. చావు ఒకసారి వచ్చి పోతుంది. బాకీ మాత్రం ప్రతి కిస్తుకూ తిరిగి వస్తుంది.

దీనికి తోడు ఎదురు పాటలు. పొరుగువాడి భూమికి శిస్తు తక్కువ పడిందని ఒక రైతు ఎక్కువకు ఎదురు పాడితే, ఆ పొరుగువాడు అంత శిస్తుకూ ఒప్పుకోవాలి, లేదా భూమి వదులుకోవాలి. కష్టకాలంలో ఒకరికొకరు సాయపడాల్సిన మనుషుల్ని ఈ ఏర్పాటు ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పింది. దత్తమండలాల్లో కుంపిణీ అధికారి మన్రో రైతువారీ పెట్టినప్పుడు కూడా ఈ ఆలోచనను పూర్తిగా వదల్లేదు. ఎవరి పట్టా వాళ్ళదే అంటూనే, ఊళ్ళో ఎవరైనా కట్టలేకపోతే మిగిలిన రైతులు పదో వంతు వరకు భర్తీ చేయాలన్నాడు. ఎంత మంచి అధికారి అయినా లోటు పడ్డ పట్టిక చూడగానే, దాన్ని పూడ్చడానికి దగ్గరలో ఉన్నవాణ్ణే వెతికాడు.

వసూలు ఎలా చేసేవారో చెప్పడానికి మనసు రాదు గాని చెప్పాలి. మద్రాసు ప్రభుత్వం వేసిన హింసల విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలుకు కింది ఉద్యోగులు రైతుల వేళ్ళను కర్రల మధ్య పెట్టి నొక్కడం, మెడను కాళ్ళకు వంచి కట్టి ఎండలో ఉంచడం, అన్నం నీళ్ళు లేకుండా నిలబెట్టడం మామూలుగా జరిగేవని ఆ సంఘం ఒప్పుకుంది. ఇవి ఏ ఒక్క దుర్మార్గుడో చేసినవి కావు. పైనుంచి అంకె తగ్గకూడదన్న తాకీదు వస్తే, కిందివాడి చేతిలో అది ఇలా మారింది.

1843లో సర్ హెన్రీ మాంట్‌గోమరీని జిల్లా ఎందుకిలా క్షీణించిందో చూడమని పంపారు. 1844 మార్చిలో ఆయన నివేదిక ఇచ్చాడు. నీటి పనులను నిర్లక్ష్యం చేయడం, పాలన సరిగ్గా లేకపోవడం ఆయన కంటపడ్డ కారణాలు. అదే ఏడాది ఇంజనీరు ఆర్థర్ కాటన్ తన ఆనకట్ట ప్రణాళిక పంపాడు. 1846 డిసెంబరులో లండన్‌లో అనుమతి దొరికింది, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి ఆనకట్ట లేచింది. మనం ఏటా కాటన్ దొర విగ్రహానికి దండ వేస్తాం, వేయాల్సిందే. కాని ఆ ఆనకట్ట వెనక ఉన్న 1841 అంకెను కూడా తలుచుకోవాలి. నాలుగో వంతు మంది పోయాక, ఆదాయం కుంగాక, అప్పుడు కదిలారు. జనం పోతున్నారన్న సంగతి కచేరీలో ఉన్న కరణం లెక్కల్లో ఏటా కనపడుతూనే ఉంది. ఆ లెక్క శిస్తు లెక్కతో కలిపి చదవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇదేదో కుంపిణీ వాళ్ళకే పట్టిన బుద్ధి కాదు. పద్నాలుగు వందల యాభై ఏళ్ళకు ముందే కాన్‌స్టాంటినోపుల్‌లో ఇదే జరిగింది. 542లో ప్లేగు ఆ నగరాన్ని పట్టుకుంది. జస్టీనియన్ చక్రవర్తి కూడా జబ్బుపడి బతికాడు. ఆయన కాలంలోనే ఉన్న చరిత్రకారుడు ప్రొకోపియస్ రహస్యంగా రాసిపెట్టిన గ్రంథంలో ఒక ఫిర్యాదు ఉంది: సేద్యగాళ్ళు చచ్చి పొలాలు బీడుపడ్డా చక్రవర్తి పన్ను మాఫీ చేయలేదు సరికదా, చనిపోయిన పొరుగువారి వాటా కూడా బతికున్నవారి దగ్గర గుంజాడు అని. ప్రొకోపియస్ పగతో రాసినవాడు, ఆయన ప్రతి మాటా నమ్మలేం. కాని మన వీసబడి చదివినవాళ్ళకు ఈ ఒక్క మాట నమ్మడం కష్టం కాదు. 544లో కూలి రేట్లు పెరగకూడదని చక్రవర్తి శాసనం చేశాడు. పాత పన్ను బకాయిల రద్దు వచ్చింది 553లో. ప్లేగుకూ మాఫీకీ మధ్య పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో ఎన్ని కుటుంబాలు పొలం వదిలి పోయాయో ఎవరు లెక్క పెట్టారు?

మళ్ళీ మన ఊళ్ళకు వస్తాను. ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ఒకటి చెప్పాలి. మద్రాసు రాష్ట్రంలో 1899లో జనన మరణాల నమోదుకు చట్టం వచ్చింది. పల్లెటూళ్ళలో ఆ నమోదు పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. శిస్తు వసూలు చేసేదీ ఆయనే. కరణం అడంగలు, చిట్టా రాస్తే, మునసబు డబ్బు వసూలు చేసి రసీదు ఇచ్చేవాడు, ఎవరింట్లో ఎవరు పోయారో ఆ రెండో పుస్తకంలో రాసేవాడు. కలరా వచ్చిన వారంలో ఆ చావుల పుస్తకం పేజీలు పేజీలు నిండేది. పేరు, వయసు, కులం, ఏ జబ్బు. ఆ పక్కనే శిస్తు పుస్తకం. అందులో డిమాండు, వసూలు, బాకీ. రెండు పుస్తకాలూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి చేతి కింద. పై అధికారి వచ్చినప్పుడు మాత్రం చావుల పుస్తకం ఆరోగ్యశాఖకు, శిస్తు పుస్తకం తహసీలుకు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని నాకు తెలిసి ఏ నిబంధనా చెప్పలేదు. మునసబు పెద్దమనిషైతే తానే రైతుకు గడువు ఇప్పించేవాడు. కాకపోతే లేదు. ఒక మనిషి మంచితనం మీద ఆధారపడ్డ న్యాయం అది.

1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం చేశారు. రైళ్ళలో తనిఖీలు, ఇళ్ళు ఖాళీ చేయించడం, ప్రయాణికులకు పాసుపోర్టులు, ఇవన్నీ ఆ చట్టం కింద వచ్చాయి. మన తెలుగు ప్రాంతంలో బళ్ళారి వైపు ప్లేగు గట్టిగా తగిలింది. గోదావరి డెల్టాకు మాత్రం ప్లేగు కన్నా కలరా, విషజ్వరాలు, 1918 ఇన్‌ఫ్లుయెంజా ఎక్కువ కీడు చేశాయి. ఆ చట్టం చిన్నది, నాలుగే సెక్షన్లు. మనిషిని ఆపడానికి, తనిఖీ చేయడానికి, విడిగా ఉంచడానికి అధికారం ఇచ్చింది. ఆ మనిషి కట్టాల్సిన పన్ను గురించి, తీర్చాల్సిన అప్పు గురించి ఒక్క అక్షరం లేదు.

ఆ లోటు ఎంత పెద్దదో 1918లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో తేలింది. వానలు ఎక్కువై పంట దెబ్బతింది, పైగా ప్లేగు, కలరా. పంట రూపాయికి నాలుగణాల కన్నా తక్కువ పండితే ఆ ఏడాది శిస్తు వసూలు ఆపాలని నిబంధన ఉండేది. అధికారులు ఎక్కువ పండిందన్నారు, రైతులు లేదన్నారు. గాంధీ, వల్లభ్‌భాయ్ పటేల్ ఊరూరా తిరిగి లెక్క తీశారు. మార్చిలో సత్యాగ్రహం మొదలై, జూన్‌లో పేదలకు వాయిదా ఇచ్చి ఉన్నవాళ్ళు కట్టే ఏర్పాటుతో ముగిసింది. ఆ పోరాటం గొప్పదే. నా దృష్టి మాత్రం ఆ నాలుగణాల నిబంధన మీద ఆగిపోతుంది. అది చేనును చూస్తుంది. కోత కోయాల్సిన చేతుల్ని చూడదు. పన్నెండణాల పంట నిలబడి ఉండి, కోసే మనిషి ఇంట్లో జ్వరంతో పడి ఉంటే, లేదా పోయి ఉంటే, నిబంధన ప్రకారం అది మంచి పంటే. కరువుకు రాసిన కొలతతో మహమ్మారిని కొలిస్తే ఇలాగే తప్పుతుంది.

ఇంతవరకు పాత సంగతులు. ఇక మనందరం బతికి చూసినది.

2020 మార్చి 24 రాత్రి కరోనా లాక్‌డౌన్ ప్రకటన వచ్చింది. ఆర్థిక సంవత్సరం ముగియడానికి ఏడు రోజులుంది. డెల్టాలో దాళ్వా కోతకు వస్తోంది. ఈసారి ప్రభుత్వం ఆలస్యం చేయలేదు, ఆ మాట చెప్పడం నా ధర్మం. అదే రోజు మధ్యాహ్నం రిటర్నుల గడువు జూన్ 30 వరకు పెంచారు, ఆలస్యపు వడ్డీని ఏడాదికి 12 శాతం నుంచి 9కి తగ్గించారు, పన్ను వివాదాల పరిష్కారానికి అప్పుడే వచ్చిన 'వివాద్ సే విశ్వాస్' పథకంలో అదనపు 10 శాతం తీసేశారు. రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు వరకు కిస్తులకు విరామం ఇచ్చింది. సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని కోర్టు గడువుల్లో లెక్కపెట్టవద్దంది. కిస్తుల విరామ కాలానికి వడ్డీ మీద వడ్డీ వేయవద్దని 2021 మార్చిలో తీర్పు ఇచ్చింది. జస్టీనియన్ పదకొండేళ్ళు తీసుకున్న చోట మనకు వారాలు పట్టాయి. ఈ మార్పు చిన్నది కాదు.

కాని వీటన్నిటినీ ఒకసారి దగ్గరగా చదవండి. ప్రతిదీ గడువు గురించే. కట్టాల్సిన మనిషి ఉన్నాడు, ఇప్పుడు కట్టలేడు, కాస్త ఆగుదాం అనేదే వాటన్నిటి వెనక ఊహ. మనిషే లేకపోతే? 2021 ఏప్రిల్, మే నెలల్లో తూర్పు గోదావరి కేసుల్లో రాష్ట్రంలోనే ముందు వరసలో ఉంది. ఆ రెండు నెలల్లో ఆడిటరుగా నా దగ్గరికి వచ్చిన కుటుంబాల్లో తండ్రి పోయినవి ఉన్నాయి, భర్త పోయినవి ఉన్నాయి.

వాటిలో ఒక ఇంటి సంగతి చెప్తాను. తాడితోటలో బట్టల హోల్‌సేల్ కొట్టు. యజమాని మేలో పోయారు. దినాలు అయ్యాక ఆయన భార్య ఒక గుడ్డసంచితో వచ్చింది. బిల్లు పుస్తకాలు, రెండు చెక్కుబుక్కులు, ఆయన ఫోను. ఫోను ఎందుకమ్మా అంటే, దానికే ఓటీపీ వస్తుందట, మా అబ్బాయి చెప్పాడు అంది. నిజమే. జీఎస్టీ రిజిస్ట్రేషను ఆయన పేరున, ఆయన నంబరున. అది రద్దయ్యేదాకా నెలనెలా రిటర్ను పడాలి, కొట్టు మూసినా సరే. పడకపోతే సున్నా రిటర్నుకు కూడా రోజుకు 20 రూపాయలు. రద్దయ్యాక మూడు నెలల్లో ఆఖరి రిటర్ను వేయాలి, అది ఆలస్యమైతే రోజుకు 200. ఆ నంబరు ఆగిపోతే పని ఆగిపోతుందని, పోయిన మనిషి ఫోనుకు ఆవిడ నెలనెలా రీఛార్జి చేయించింది. "ఆయన నంబరుకు డబ్బు వేస్తుంటే ఆయన్ని పిలిచినట్టుంటుందండీ" అంది. నేను తల వంచుకుని కాగితాలు చూశాను.

ఆవిడకు అసలు ప్రమాదం రోజుకు 200 జరిమానాలో లేదు. జీఎస్టీ చట్టం 93వ సెక్షనులో ఉంది. వ్యాపారి పోయాక వారసులు వ్యాపారం ఆపేస్తే, పాత బాకీ ఆయన వదిలిన ఆస్తి మేరకే చెల్లించాలి. వారసులు కొనసాగిస్తే బాకీ బాధ్యత వారిది అవుతుంది. ఉన్న సరుకు అమ్ముకుందామని పదిహేనో రోజున షట్టరు ఎత్తిన కొడుక్కి ఈ తేడా ఎవరు చెప్పారు? నోటీసులో ఉందా? లేదు. ఆదాయపు పన్నులోనూ ఇంతే. 1961 చట్టం 159వ సెక్షను వారసుడి బాధ్యతకు హద్దు గీసింది: చేతికొచ్చిన ఆస్తి ఎంతో అంతవరకే. తండ్రి అప్పు తీర్చడం కొడుకు పుణ్యకార్యమన్న పాత సూత్రాన్ని కూడా 2005లో హిందూ వారసత్వ చట్ట సవరణ, ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో, కోర్టుల్లో చెల్లకుండా చేసింది. అంటే వీసబడి నాటి అన్యాయం మన చట్టం నుంచి పోయింది. మన భయాల్లో మాత్రం పోలేదు. నోటీసు చూడగానే తన పుస్తెలు అమ్మి కట్టడానికి సిద్ధపడే స్త్రీలు ఈ గోదావరి గట్టున ఇప్పటికీ ఉన్నారు. చట్టం కట్టమనని డబ్బు వాళ్ళు కడుతున్నారు.

పోయినవారి పేరుకే నోటీసు ఇస్తే అది చెల్లదని కోర్టులు పదే పదే చెప్పాయి. అయినా నోటీసులు వెళ్తూనే ఉన్నాయి, ఎందుకంటే మరణ ధ్రువీకరణ ఒక కంప్యూటరులో, పన్ను ఖాతా మరో కంప్యూటరులో. మునసబు ఇంట్లోని రెండు పుస్తకాలు ఇప్పుడు రెండు సర్వర్లయ్యాయి. ఆఖరి రిటర్ను ఆలస్యపు రుసుమును వెయ్యి రూపాయలకు కుదిస్తూ ఒక మినహాయింపు 2023లో వచ్చింది. మంచిదే. కాని మే 2021లో పోయిన మనిషికి అది రెండేళ్ళ తర్వాత వచ్చింది.

ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. మహమ్మారి కాలంలోనే సర్కారుకు డబ్బు ఎక్కువ కావాలి. ఆసుపత్రి మంచం, ఆక్సిజన్, టీకా అన్నీ పన్ను డబ్బే. అందరికీ మాఫీ అంటే ఎవరు మోయాలి? నేను అందరికీ మాఫీ అడగడం లేదు. కొట్టు నడిచి, లాభం వచ్చినవాడు కట్టాలి, గడువుకే కట్టాలి. నా మాట పోయినవారి ఖాతా గురించి మాత్రమే. అలాగే, సర్కారు ఎంత మినహాయింపు ఇచ్చినా అందని మనిషి ఒకడున్నాడని కూడా చెప్పాలి. డెల్టాలో కౌలు రైతు. పట్టా భూస్వామిది, పెట్టుబడి అప్పు కమీషన్ వ్యాపారిదో, ఎరువుల కొట్టుదో. బ్యాంకు కిస్తుల విరామం వాడికి వర్తించలేదు, వాడి అప్పు ఏ బ్యాంకు పుస్తకంలోనూ లేదు. వాడు పోతే బాకీ తెల్లవారేసరికి గుమ్మంలోకి వస్తుంది, ఏ నోటీసూ లేకుండా. సాగుదారు హక్కుల కార్డుల కోసం 2019లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ కార్డు ప్రతి కౌలు రైతు చేతిలో ఉంటేనే రేపు ఇంకో మహమ్మారి వచ్చినప్పుడు వాడి అప్పు కూడా ఎవరి లెక్కలోనైనా కనపడుతుంది.

ఇక అడగాల్సింది అడుగుతాను. సభలో రెవెన్యూ, మునిసిపల్ అధికారులు, బ్యాంకు మేనేజర్లు, మా ఆడిటర్లు ఉన్నారు. మరణం నమోదైన రోజే ఆ పేరు మీది పన్ను ఖాతాల్లో జరిమానా గడియారం ఆగాలి. వారసులు ఎవరో తేలేదాకా, కనీసం ఆరు నెలలు, ఆగే ఉండాలి. ఇందుకు చట్టసభ దాకా వెళ్ళాల్సి రావచ్చు. కాని రెండో పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వారసులకు పంపే ప్రతి నోటీసు పైన, అంకెకు ముందు, తెలుగులో రెండు వాక్యాలు అచ్చు వేయించండి: "మీరు వ్యాపారం కొనసాగించకపోతే ఈ బాకీ చనిపోయినవారు వదిలిన ఆస్తి మేరకే వసూలు చేస్తారు. వ్యాపారం కొనసాగించే ముందు ఈ విషయం మీ ఆడిటరునో, మా కార్యాలయాన్నో అడగండి." ఈ చిత్తు ప్రతులు యాభై తీసుకొచ్చాను. బయట బల్ల మీద ఉన్నాయి. వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్ళండి, తప్పులుంటే దిద్ది పంపండి.